ఫ్లెక్సీ మీద లేని మనిషి

“ఎక్కనంటే ఎక్కను డాడీ. స్టేజీ మీరే ఎక్కండి. దండ కూడా మీరే వేయించుకోండి.”

సృజన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గట్టిగా వేయలేదు. నెమ్మదిగా మూసి గడియ పెట్టుకుంది. ఆ నెమ్మదికే తల్లి కల్పలతకు భయం వేసింది. తలుపు దభీమని వేస్తే ఆ కోపం భోజనాల వేళకు చల్లారుతుంది. ఇది చల్లారే రకం కాదు.

హాల్లో నేల మీద ఫ్లెక్సీ పరిచి ఉంది. సోఫా గోడకు జరిపినా చోటు చాలలేదు. ఒక కొస దేవుడి గది గడపను, ఇంకో కొస చెప్పుల స్టాండును తాకుతోంది. మధ్యలో జాతీయ పోటీల బంగారు పతకం పట్టుకున్న సృజన. ఆమె పక్కన, ఆమె అంత ఎత్తున, కోటు వేసుకుని చేతులు కట్టుకున్న అకాడమీ డైరెక్టర్ విశ్వతేజ. ఆయన కింద ఎర్రటి అక్షరాలు: ‘పతకం వెనుక ఉన్న గురువు’.

పై వరుసలో కాలనీ సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి, కార్యదర్శి తమ్ముడు. కింది వరుసలో సృజన తండ్రి భానుప్రకాశ్, ఆయన తల్లి బాలమ్మ, చివరికి కమ్యూనిటీ హాల్లో మైకు పెట్టే మనిషి కూడా ఉన్నాడు.

పేతురు సార్ లేరు.

సృజనకు లాంగ్‌జంప్ అంటే ఏమిటో తెలియని వయసులో ఆమెను ఇసుక గుంట ముందు నిలబెట్టిన మనిషి, ఆ తర్వాత ఏడేళ్లు అక్కడి నుంచి కదలనివ్వని మనిషి, ఎక్కడా లేరు. సన్మానం ఈ సాయంత్రమే.

“నేనేం తప్పు చేసిన్నో నువ్వే చెప్పు లతా,” అన్నాడు భానుప్రకాశ్. చిలకలగూడలో తన కళ్లద్దాల షాపు ఇవాళ తెరవలేదు. ఆయన ఇంత ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంత దిగులుగా ఉండటం కల్పలత ఎప్పుడూ చూడలేదు. “కాలనీ అంత ఖుషీగ ఉన్నది. డైరెక్టర్ సారే వస్తుండు. వచ్చే నెల ఫారిన్ క్యాంపుకు పంపేదెవరు? ఆయనే గదా. ఆయన్ని చిన్నగ ఏసి, స్కూల్ పీటీ సార్‌ని పెద్దగ ఏయాల్నా? నీళ్లల్ల ఉండి మొసలితోని కయ్యం పెట్టుకుంటరా ఎవరన్న?”

“పెద్దగా వేయమని అది అడగలేదు. వేయమని అడిగింది.”

భానుప్రకాశ్ ఫ్లెక్సీ మీద తన బొమ్మనే చూసుకున్నాడు.

“సరే. ఫ్లెక్సీ అతను చెప్పిండు. రెండు గంటల లోపట ఫోటో పంపితే స్టిక్కర్ కొట్టి ఒక మూలకు అతికిస్తడంట. నీ ఫోన్‌ల ఉంటది గదా సార్ ఫోటో. పంపు.”

“మూలకెందుకురా?” అంది బాలమ్మ. ఆమె ఫ్లెక్సీ అంచున కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. “నా మొఖం మీద అతికియ్యి. నేనేమన్న దుంకిన్ననా?”

“అమ్మా, నువ్వు జెర ఊకో.”

“ఊకుంట. నా మొఖం సుత ఊకున్నట్టే పడ్డది దీంట్ల.”

కల్పలత ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

ఫోటోలకేం కొదవ లేదు. మొదటి జిల్లా పోటీల్లో ఛాతీ మీద పెద్ద నంబరు కాగితంతో సృజన. వానలో తడిసి నవ్వుతున్న సృజన. మోకాలికి కట్టుతో సృజన, పక్కన తను. కప్పు పట్టుకుని సృజన, తను, భానుప్రకాశ్. ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ పోయింది. సార్ కనిపించలేదు. మళ్లీ మొదటికి వచ్చి చూసింది.

అప్పుడు కనిపించారు. ఇసుక మీద నీడగా.

టోపీ, మెడలో వేలాడే విజిల్ తాడు, ఫోను ఎత్తి పట్టుకున్న రెండు మోచేతులు. ఎండ ఉన్న ప్రతి ఫోటోలోనూ ఆ నీడ సృజన పాదాల దాకా వచ్చి ఆగింది. ఎండ లేని వాటిలో కెమెరా మూలకు అడ్డం పడ్డ బొటనవేలు. “కల్పలత గారూ, మీరు కూడా పాప పక్కకి వెళ్లండి. ఆ ఫోను ఇలా ఇవ్వండి, నేను తీస్తాను” అనేవారు ప్రతిసారీ. ప్రతిసారీ ఆమె ఇచ్చేది. ఏడేళ్లలో ఒక్కసారైనా “మీరు నిలబడండి సార్” అనాలని తోచలేదు ఎవరికీ.

వంటగట్టు మీద నీళ్ల సీసాలన్నీ నిండుగా ఉన్నాయి. పొద్దున కాఫీ కూడా ముట్టని పిల్ల, అలిగే ముందు సీసాలు నింపింది. అది దాని అలవాటు. తాగిన సీసా నింపి పెడుతుంది. స్నానం చేశాక తన వెనక వచ్చేవాళ్లు జారకుండా నేల తుడిచి వస్తుంది. ఈ రెండూ నేర్పాలని కల్పలత దాని చిన్నప్పటి నుంచీ గొంతు చించుకుంది. ఒక్కటీ తలకెక్కలేదు.

పేతురు సార్ ఒక్క మాటతో ఎక్కించారు.

“నువ్వు పడ్డ చోట గుంట పడుతుంది. నీ తర్వాతి పిల్ల అందులో పడితే మడమ తిరుగుతుంది. దూకడం సగం, సదరడం సగం” అని చెప్పి, ఇనుప పళ్ల రేక్ ఒకటి చేతికిచ్చారు. దూకిన ప్రతి పిల్లా ఇసుక సదిరి గానీ వరసలోకి వెనక్కి వెళ్లకూడదు. ఆ సంగతి తలచుకుంటే కల్పలతకు ఇప్పటికీ కొంచెం కుళ్లు, చాలా గర్వం.

జాతీయ పోటీల్లోనూ అదే చేసింది. ఆఖరిసారి దూకి, గెలిచానని తెలిసి, చేతులు పైకెత్తి పరుగెత్తలేదు. అక్కడి మనిషి చేతిలోంచి రేక్ అడిగి తీసుకుని ఇసుక సదిరింది. టీవీలో చూసి బాలమ్మ “గా దంతె పట్టుకొని ఏం జేస్తుందే?” అంది. ఆ పనికి అక్కడ వేరే మనుషులు ఉంటారనీ, కెమెరాల ముందు అది బాగుండదనీ ఆ సాయంత్రమే విశ్వతేజ ఫోన్ చేసి చెప్పాడు. అకాడమీ వాళ్లు అందరికీ పంపిన వీడియోలో ఆ ముక్క లేదు.

కల్పలత గది తలుపు దగ్గరికి వెళ్లింది.

“సార్ ఫోటో మన దగ్గర ఒక్కటీ లేదు సృజనా. కాప్రాల సార్ ఇంటికి పోతున్న, అడిగి తెస్తా. వస్తవా?”

గడియ తీసిన చప్పుడైంది. అప్పటికే బూట్లు వేసుకుని ఉంది.

* * *

ఆటో నేరేడ్‌మెట్ దాటుతుంటే సృజన తల బయటికి పెట్టి చూసింది. వాళ్లు పద్మారావు నగర్ రాకముందు అద్దెకున్న ఇల్లు అక్కడే, చదివిన స్కూలు అక్కడే, ఆ స్కూలు వెనక ఇసుక గుంట కూడా అక్కడే. అకాడమీ హాస్టల్లో చేరాక ఎనిమిది నెలలుగా ఇటు రావడమే పడలేదు.

“సార్ కోపంగా ఉంటారా మమ్మీ?”

“ఎప్పుడు లేరు?”

పేతురు భార్య ప్రిసిల్లా గేటు దగ్గరే ఎదురైంది. “రండి కల్పలత గారూ, రండి. ఏమ్మా బంగారం! లోపలికెళ్లి మీ సార్‌ని కాస్త లేపు. ఆ ఫోనుకి అతుక్కుపోయారు. నీ జంప్ వీడియోనే తిప్పి తిప్పి చూస్తున్నారు. నన్ను పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు.”

పేతురు కుర్చీలోంచి లేవలేదు. వచ్చిందెవరని కూడా చూడలేదు.

“ఎడమ భుజం,” అన్నారు. “గాల్లోకి లేచాక ఎడమ భుజం వాలింది. చూసుకున్నావా?”

“చూసుకున్నా సార్.”

“చూసుకుని?”

“మళ్లీ వాలనివ్వను సార్.”

“ఊఁ. మజ్జిగ తాగు.”

అంతే. ఎనిమిది నెలలు ఎటు పోయాయో తెలియలేదు. ఈ పది రోజుల్లో ఇంటికి వచ్చిన పూలగుత్తులకూ, పొగడ్తలకూ మొక్కుబడిగా నవ్విన పిల్ల కళ్లు ఇప్పుడు దీపాల్లా వెలిగాయి. కల్పలత చూపు పక్కకు తిప్పుకుంది.

ఫోటో మాట చెప్పగానే ప్రిసిల్లా నవ్వాపుకోలేకపోయింది. లోపలికి వెళ్లి ఒక పెళ్లి ఫోటో తెచ్చింది. అందులో పేతురు సూటు వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు.

“ఉన్నది ఇదొక్కటే. ప్రార్థన చేసుకుంటున్నారు, ఎంత భక్తో అని మా అమ్మ మురిసిపోయింది. భక్తీ కాదు, పాడూ కాదు. ఫ్లాషంటే భయం.”

“ఆధార్ కార్డులో ఉంది కదా,” అన్నారు పేతురు.

“అది చూస్తే పిల్లలు దూకడం మానేస్తారు.”

“ఇప్పుడే తీస్తాను సార్, ఒక్క నిమిషం,” అని కల్పలత ఫోను ఎత్తింది.

ఆయన అరచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. “వద్దమ్మా. ఇంతకీ ఆ ఫ్లెక్సీ ఎంత పొడుగుంటుంది?”

“మా హాలంత ఉంది సార్.”

“వెడల్పు?”

కల్పలతకు అర్థం కాలేదు. సృజనకు అయింది. ముందు దాని భుజాలు కదిలాయి, తర్వాత పైకే నవ్వేసింది. “మమ్మీ, పిట్ మీద కప్పడానికి! వానకి ఇసుక గట్టిపడకుండా, కుక్కలు పడుకోకుండా రోజూ కప్పుతాం కదా. ఎలక్షన్లు అయిపోగానే సార్ వెళ్లి పాత ఫ్లెక్సీలు అడుక్కొస్తారు.”

“అడుక్కోవడం ఏమిటి? సేకరణ,” అన్నారు పేతురు. “మొన్నటి గాలివానకి ఉన్నది చిరిగింది. ఏ ఫ్లెక్సీ అయినా చివరికి నా దగ్గరికే వస్తుంది కల్పలత గారూ. అందుకే దాని మీద నా ముఖం వద్దు. నా ముఖం మీద నేనే ఇసుక పోసుకోనా? సన్మానం అయ్యాక పారేయకుండా నాకు పంపండి. అదే నాకు సన్మానం.”

సృజన నవ్వు ఆగిపోయింది.

“ఫోటో వద్దంటే మీరే రండి సార్. మీరు లేకపోతే నేను స్టేజీ ఎక్కను. డాడీకి చెప్పేశాను.”

“సాయంత్రం చిన్నపిల్లల బ్యాచ్ ఉంది.”

“ఇవాళ ఒక్కరోజు...”

“ఏం ఒక్కరోజు?” ఆయన గొంతు మైదానంలో ఉన్నట్టే లేచింది. “నీ సన్మానానికి వాళ్ల ప్రాక్టీసు ఆపనా? ఎవరి కోసమైనా నీ ప్రాక్టీసు ఆపానా ఎప్పుడైనా? మా అమ్మాయి నిశ్చితార్థం రోజున కూడా...”

“ఆ మాట ఎత్తకండి,” అంది ప్రిసిల్లా. “ఉంగరాల వేళకి పెళ్లికూతురి తండ్రి ఇసుక కాళ్లతో వచ్చారు. ఆ కోపం నాకింకా పోలేదు.”

ఆ నిశ్చితార్థం రోజు సృజనకు రాష్ట్ర జట్టు ఎంపికలు. వాటికి ముందు ప్రాక్టీసు చేయించడానికి ఆయన ఏ వేడుక వదిలి వచ్చారో కల్పలతకు ఇవాళే తెలిసింది.

పేతురు గొంతు దించారు. “ఇంకోటి విను. ఆ విశ్వతేజ గారిని తక్కువ చేసి మాట్లాడకు. నీ రన్నప్ పరుగు బాగుచేసింది ఆయనే. అది నావల్ల కాలేదు. ఒప్పుకుంటాను.”

ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టారు. గడ్డం కాస్త పైకి లేచింది.

“ల్యాండింగ్ మాత్రం నాది.”

చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పారు. కల్పలతకు నవ్వు వచ్చింది.

“వెళ్లు. ఎక్కు. ఎక్కాక ఏం మాట్లాడతావో అది నీ ఇష్టం.”

* * *

“ఫోటో ఏది?” అన్నాడు భానుప్రకాశ్, వాళ్లు గడప దాటకముందే.

“ఇయ్యను అన్నరు. ఫ్లెక్సీ కావాలంట.”

“ఫ్లెక్సీయా? ఎందుకు?”

“ఇసుక మీద కప్పెటందుకు.”

భానుప్రకాశ్ కింది వరుసలో చేతులు జోడించి ఉన్న తనను చూసుకున్నాడు. బాలమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం కమ్యూనిటీ హాలు నిండిపోయింది. సృజన అకాడమీ ట్రాక్ సూటులో, ఎవరితోనూ మాట్లాడకుండా, స్టేజీ ఎక్కి తన కుర్చీలో కూర్చుంది. భానుప్రకాశ్ ఊపిరి పీల్చుకున్నాడు. కల్పలత పీల్చుకోలేదు. కూతురు స్టేజీ మెట్ల దగ్గర బూట్లు విప్పి ఎక్కడం ఆమె చూసింది. ఆ పిల్ల ఆటకు సిద్ధమయ్యే ముందు ఎప్పుడూ చేసే పని అది.

విశ్వతేజ హుందాగా మాట్లాడాడు. సృజన క్రమశిక్షణ గురించీ, వచ్చే నెల క్యాంపు గురించీ చెప్పాడు. పేరు పేరునా అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. తెర మీద వీడియో వేశారు. పరుగు, జంప్, ఎగసిన ఇసుక, చప్పట్లు. అక్కడితో ఆగిపోయింది.

శాలువా కప్పబోతుంటే సృజన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. మైకు అడిగింది.

“ఈ వీడియో ఇంకా కొంచెం ఉంది. మా మమ్మీ ఫోన్‌లో ఉంది. అది కూడా వేస్తారా ప్లీజ్?”

కల్పలత లేచి వెళ్లి ఫోను అందించింది. తన వైపే చూస్తున్న భర్త వైపు చూడలేదు. టీవీ ముందు నిలబడి తను తీసిన ఆ వణికే వీడియో తెర మీదకు వచ్చింది. అందులో బంగారు పతకం గెలిచిన పిల్ల ఒంగి, శ్రద్ధగా, గుంట మూలమూలా ఇసుక సదురుతోంది. వెనక నుంచి బాలమ్మ గొంతు: “గా దంతె పట్టుకొని ఏం జేస్తుందే?” హాలంతా గొల్లుమంది. విశ్వతేజ నవ్వలేదు.

“నా రన్నప్ మార్చింది విశ్వతేజ సార్. థాంక్యూ సార్, నిజంగా,” అంది సృజన. “ఈ ఇసుక సదరడం నేర్పింది పేతురు సార్. నేరేడ్‌మెట్‌లో. అసలు దూకడం నేర్పిందే ఆయన. ఇప్పుడు అక్కడ చిన్నపిల్లలు దూకుతుంటారు, అందుకే రాలేదు. ఆయన ఫోటో ఫ్లెక్సీ మీద లేదు, మా ఇంట్లో కూడా లేదు. మా ఫోటోలన్నీ తీసింది ఆయనే.”

ఆగింది. మాట తడబడుతుందేమోనని కల్పలత చీర కొంగు వేలికి చుట్టుకుంది. తడబడలేదు.

“నేను ఎక్కడికెళ్లి దూకినా, నా తర్వాత ఇంకొకరు దూకుతారని గుర్తుంటుంది. అది ఆయన పెట్టిన గుర్తు. ఈ శాలువా ఆయనది. ఇచ్చి వస్తాను.”

మొదటి చప్పట్లు ముందు వరసలోంచి, గాజుల గలగలతో కలిసి వచ్చాయి. అవి బాలమ్మవి. ఆ తర్వాత ఎవరివి ఎవరివో తెలియలేదు.

విశ్వతేజ చప్పట్లు కొట్టాడో లేదో కల్పలత చూడలేకపోయింది. చూసేసరికి ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఫోను చెవికి పెట్టుకుని పక్క ద్వారం గుండా బయటికి వెళ్తున్నాడు.

“అయిపోయింది,” అన్నాడు భానుప్రకాశ్ మెల్లగా. “క్యాంపు పోయింది లతా.”

ఆయన లేచాడు. బయటికి పరుగెత్తి ఆ డైరెక్టర్ కాళ్లావేళ్లా పడతాడనుకుంది కల్పలత. ఆయన ఒక కుర్చీ లాక్కుని, గోడ పక్కన వేసి, దాని మీదకెక్కి ఫ్లెక్సీ తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

“ఏందన్నా, ప్రోగ్రాం అయిపోలేదు ఇంక!” అని కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు.

“సార్ అడిగిండు.”

“ఏ సార్?”

“మా బిడ్డ సార్,” అన్నాడు భానుప్రకాశ్, పళ్లతో ముడి లాగుతూ.

* * *

వాళ్లు వెళ్లేసరికి నేరేడ్‌మెట్ స్కూలు మైదానంలో లైటు వేశారు. చిన్నపిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. సృజన మెడలోని పతకం చూసి వాళ్లంతా మూగారు.

భానుప్రకాశ్ చంకలోంచి ఫ్లెక్సీ దించి పరిచాడు. పేతురు దాని చుట్టూ అడుగులు వేసి కొలిచారు. “పొడుగు సరిపోయింది. గుడ్డ గట్టిదే.” తర్వాత మధ్యలో ఆగి, సృజన బొమ్మను చాలాసేపు చూశారు. వంగి, ఒక కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టారు.

“ఏమైంది సార్?” అన్నాడు భానుప్రకాశ్ కంగారుగా.

“ఇది పనికిరాదు.”

“మీరే గదా అడిగిండ్రు!”

“అడిగాను. మా పిల్ల ముఖం ఉంది దీని మీద. దీన్నెలా ఇసుక మీద వేస్తాం?” చుట్టను చంకలో పెట్టుకున్నారు. “పిట్‌కి నాయకులే మేలు. చిరిగినా ఫర్వాలేదు.”

సృజన వెనక నుంచి వచ్చి ఆయన భుజాల మీద శాలువా కప్పింది. “ఇంత ఉక్కలో శాలువా ఏమిటి?” అని గొణిగారు గానీ తీయలేదు. విజిల్ తాడు మాత్రం శాలువా పైకి లాక్కున్నారు.

“సార్, మీరు సుత నిలవడుండ్రి,” అన్నాడు భానుప్రకాశ్. “లతా, నీ ఫోన్ ఇటియ్యి. ఈసారి ఫోటో నేను తీస్తా.”

పేతురు, సృజన, కల్పలత ముగ్గురూ ఇసుకలో నిలబడ్డారు. “కళ్లు మూయకండి సార్,” అంది సృజన. వెనక లైటు ఉండటంతో ఫోను ఎత్తి పట్టుకున్న భానుప్రకాశ్ నీడ ఇసుక మీద పొడుగ్గా పడి, పేతురు పాదాల దాకా వచ్చి ఆగింది. కల్పలత ఆ నీడనే చూస్తూ ఉండిపోయింది. ఫోటోలో ఆమె ఎటో చూస్తున్నట్టు పడింది. సార్ మాత్రం కళ్లు తెరిచే ఉన్నారు.

ఫోటో తీసిన మరుక్షణం భానుప్రకాశ్ చేతిలో ఫోను మోగింది. తెర మీద పేరు చూసి ఆయన ముఖం పాలిపోయింది.

“విశ్వతేజ సార్.”

పేతురు టోపీ సర్దుకున్నారు. ఫోను మోగుతూనే ఉంది.

“బిడ్డా... ఏమంటడో ఏమో. తీసుకో.”

సృజన కిందికి చూసింది. వాళ్లు నిలబడ్డ చోటల్లా పాదాల గుంటలు పడ్డాయి. గోడకు ఆనించిన రేక్ తీసుకుంది.

“మీరే ఎత్తి, ఒక్క నిమిషం ఆగమనండి డాడీ,” అంది. “ఇసుక సదిరి మాట్లాడతా.”